ఫుట్‌బాల్ ఆడే పిల్లవాడికి ఏ ప్రాంతపు కాలేజీ, ఏ తరహా ఆఫెన్స్?

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో శుక్రవారం రాత్రి హైస్కూల్ (అమెరికన్) ఫుట్‌బాల్‌కి వెళ్తే స్టాండ్స్‌లో తెలుగు వినపడటం ఇప్పుడు మామూలే. మన పిల్లలు ఎక్కువమంది బ్యాండ్‌లో ఉంటారు. కొద్దిమంది హెల్మెట్ పెట్టుకుని మైదానంలో ఉంటారు. ఆ కొద్దిమంది తల్లిదండ్రులు సీజన్ అయిపోగానే నాకు ఫోన్ చేస్తారు. మావాడు నాలుగేళ్లు స్లాట్ రిసీవర్‌గా (లోపలి వైపు నిలబడి పాస్ పట్టేవాడు) ఆడి, రెండేళ్ల కిందట ఒక డివిజన్-3 (ఆట స్కాలర్‌షిప్‌లు లేని స్థాయి) కాలేజీలో చేరాడు. వాడి కోసం నేను తిరిగిన క్యాంపులు (కాలేజీ కోచ్‌లు పిల్లల ఆట చూసే చోట్లు), చేసిన తప్పులు చాలానే ఉన్నాయి కాబట్టి నన్ను అడుగుతారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఏ కాలేజీ మంచిదన్నా?"

నేను ఎదురు రెండు ప్రశ్నలు వేస్తాను. పిల్లవాడి ఒళ్లు ఎలాంటిది? ఆడే ఛాన్స్ కోసం ఎన్నేళ్లు ఓపిక పట్టగలడు? ఈ రెండూ తెలిస్తే కాలేజీ పేరు కన్నా ముందు ప్రాంతం తేలుతుంది. అనంతపురం ఎర్ర నేలలో వేరుశనగ వేస్తారు, ఆదిలాబాద్ నల్లరేగడిలో పత్తి వేస్తారు. కాలేజీ కోచ్ పని కూడా అలాంటిదే. తన చుట్టూ నాలుగైదు గంటల డ్రైవింగ్ దూరంలో ఎలాంటి పిల్లలు దొరుకుతారు, వాళ్లని నాలుగేళ్లలో ఎలా తయారు చేయొచ్చు అన్నదాన్ని బట్టే ఆఫెన్స్, అంటే బంతి తమ చేతిలో ఉన్నప్పుడు ఆడే పద్ధతి, రూపం వస్తుంది. దాన్ని పట్టించుకోని చోట ఎంత పేరున్న కోచ్ వచ్చినా ఇబ్బంది పడ్డారు. మీవాడు ఆ నేలలో ఇమిడే విత్తనమా కాదా అన్నది చూడండి. టీవీలో కనపడే లోగో చూసి ఆశపడొద్దు.

టెక్సస్: బంతి గాల్లో ఉండే ఆట

ఇక్కడ పిల్లలు వేసవి అంతా సెవెన్-ఆన్-సెవెన్ ఆడతారు. లైన్‌మన్ (ముందు వరసలో ఎదుటివాళ్లని అడ్డుకునే భారీ ఆటగాళ్లు) ఉండరు, ట్యాకిల్ (పట్టి పడేయడం) ఉండదు, విసరడం, పట్టడం అంతే. రాష్ట్ర స్థాయి టోర్నమెంట్ 1998 నుంచి జరుగుతోంది. జులై సాయంత్రం ఆరున్నరకి కూడా టర్ఫ్ మీద వేడి బూటులోంచి కాలికి తగులుతుంటుంది. ఆ వేడిలో క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు, ఒకే రూట్‌కి (రిసీవర్ పరిగెత్తే దారికి) వందల సార్లు విసురుతాడు. అలా ఏడెనిమిదేళ్లు పెరిగిన పిల్లవాడు కాలేజీకి వెళ్లేసరికి డిఫెన్స్ ఎక్కడ ఖాళీ ఇస్తుందో చూడగానే పట్టేస్తాడు.

దీన్ని అందరికన్నా బాగా వాడుకున్నది కోచ్ మైక్ లీచ్. హాల్ మమ్మీతో కలిసి అయోవా వెస్లియన్ అనే చిన్న కాలేజీలో మొదలుపెట్టిన ఎయిర్ రెయిడ్ అనే పాస్‌ల ఆఫెన్స్‌ని ఆయన 2000లో టెక్సస్ టెక్‌కి తెచ్చాడు. ఆ కాలేజీ ఉన్న లబక్ కూడా పత్తి పండే ఊరే, డాలస్ నుంచి అయిదు గంటల పైన ప్రయాణం. డాలస్, హ్యూస్టన్‌లలో పేరు మోసిన కుర్రాళ్లని ఆస్టిన్, కాలేజ్ స్టేషన్, నార్మన్‌లలోని పెద్ద యూనివర్సిటీలు ముందే తీసుకుపోతాయి. లబక్‌కి మిగిలేది వాళ్లు వదిలేసినవాళ్లు. లీచ్ వాళ్లతోనే ఆడించే పద్ధతి పట్టుకున్నాడు. ఓక్లహామా సిటీ కుర్రాడు వెస్ వెల్కర్ అయిదడుగుల తొమ్మిది అంగుళాలు. పెద్ద కాలేజీలు పట్టించుకోలేదు, ఇంకెవరో రామన్నాక మిగిలిన స్కాలర్‌షిప్ అతనికి దొరికింది. తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్‌లో మూడు సీజన్లలో క్యాచ్‌ల లెక్కలో ముందు నిలిచింది అతనే. డాలస్ కార్టర్ హైస్కూల్లో క్వార్టర్‌బ్యాక్ ఆడిన మైకేల్ క్రాబ్‌ట్రీని రిసీవర్‌గా మార్చారు. 2008 నవంబర్ 1న టెక్సస్ మీద ఒక్క సెకను మిగిలి ఉండగా గెలుపు టచ్‌డౌన్ పట్టింది ఆ కుర్రాడే.

ఆ ఆఫెన్స్ ఎలా పనిచేస్తుందో ఒక్క ప్లేతో చెప్పొచ్చు. దాని పేరు మెష్. చెరో వైపు నుంచి ఇద్దరు రిసీవర్లు మైదానం మధ్యకి అయిదారు గజాల లోతులో అడ్డంగా పరిగెడతారు. ఒకరి చెయ్యి ఒకరికి తగిలేంత దగ్గరగా దాటాలి. మావాడి కోచ్ ప్రాక్టీస్‌లో నిజంగానే చెయ్యి చెయ్యి తగిలించి దాటమనేవాడు, తగలకపోతే మళ్లీ మొదటి నుంచి. అంత దగ్గరగా దాటితే వెంటపడే డిఫెండర్లు ఒకరికొకరు అడ్డం వస్తారు, ఒక రిసీవర్‌కి రెండడుగుల ఖాళీ దొరుకుతుంది. దీనికి ఆరడుగుల ఎత్తు అక్కర్లేదు, మరీ అంత వేగం కూడా అక్కర్లేదు. లెక్క తప్పని అడుగులు కావాలి, చేతిలో పడ్డ బంతి జారకూడదు.

మన పిల్లల్లో చాలామంది ఒళ్లు దీనికి సరిపోతుంది, ఆ మాట నమ్మకంగా చెప్పగలను. కానీ ఇక్కడే నేను మొదట పొరపాటు పడ్డాను. టెక్సస్‌లో ఇలాంటి రిసీవర్లు ప్రతి హైస్కూల్లో నలుగురు ఉంటారు. మావాడు ఇక్కడి కాలేజీల క్యాంపుకి వెళ్తే వరసలో ముప్పయ్యో వాడు, అందరూ వాడి లాగే ఉన్నారు. అదే రూట్లు అదే శుభ్రతతో పరిగెత్తే పిల్లవాడు ఇలాంటి రిసీవర్లు తక్కువ దొరికే రాష్ట్రంలో, పాస్ ఎక్కువ ఆడే చిన్న కాలేజీ క్యాంపుకి వెళ్తే మొదటి గంటలోనే కోచ్ పేరు అడుగుతాడు. మావాడికి జరిగింది అదే. టెక్సస్‌లో నేర్చుకోండి, ఆడటానికి మాత్రం బయట కూడా వెతకండి.

ఇంకోటి. ఈ తరహా జట్లు పాయింట్లు బాగా వేస్తాయి, బాగా ఇస్తాయి కూడా. 2016 అక్టోబర్‌లో టెక్సస్ టెక్ క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ ఓక్లహామా మీద 734 గజాలు విసిరాడు. అయినా టెక్సస్ టెక్ 66-59తో ఓడింది. మంచి డిఫెన్సివ్ లైన్‌మన్ లబక్ దాకా రావడం కష్టం.

అయోవా, విస్కాన్సిన్: లైన్ దగ్గర గెలిచే ఆట

బొద్దుగా, పొడుగ్గా ఉండి పరుగులో వెనకబడే పిల్లవాడి తల్లిదండ్రులు దీన్ని జాగ్రత్తగా చదవాలి. టెక్సస్ హైస్కూళ్లలో అలాంటి పిల్లవాడు చాలాసార్లు రెండో వరసలోనే ఉండిపోతాడు.

అయోవాలో ఊళ్లు చిన్నవి, హైస్కూళ్లు చిన్నవి. ఒకే పిల్లవాడు శరదృతువులో ఫుట్‌బాల్, చలికాలంలో కుస్తీ లేదా బాస్కెట్‌బాల్, వేసవి ముందు షాట్‌పుట్ ఆడతాడు. ట్రిస్టన్ వర్ఫ్స్ మౌంట్ వెర్నన్ అనే చిన్న ఊరివాడు. హైస్కూల్లో కుస్తీలో రాష్ట్ర ఛాంపియన్, షాట్‌పుట్, డిస్కస్‌లలోనూ ఛాంపియన్. కుస్తీ పట్టిన పిల్లవాడికి నడుము ఎక్కడ దించాలో, ఎదుటివాడి బరువు ఎటు వాలుతోందో ఎవరూ చెప్పక్కర్లేదు. మన ఊళ్లలో కబడ్డీ కూతకి వచ్చినవాడి తొడ పట్టి ఆపిన వాళ్లకి ఆ సంగతి ఒంటికే తెలుసు. లైన్‌మన్ పని సగం అదే. వర్ఫ్స్ 2020 డ్రాఫ్ట్‌లో (ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే చోట) 13వ పిక్.

కర్క్ ఫెరెంజ్ 1999 నుంచి అయోవాలో హెడ్ కోచ్. అంతకుముందు లైన్ కోచ్‌గా పనిచేసినవాడు. ఆయన చేసేది ఒకటే, దొరికిన కుర్రాణ్ణి మెల్లగా మార్చడం. రాబర్ట్ గాలరీ టైట్ ఎండ్‌గా (లైన్ చివర నిలబడి బ్లాకూ చేసి, పాసూ పట్టేవాడు) వచ్చి ట్యాకిల్ (లైన్‌లో ఒక స్థానం) అయ్యాడు, 2004లో దేశంలో రెండో పిక్. బ్రాండన్ షెర్ఫ్ హైస్కూల్లో కొన్నాళ్లు క్వార్టర్‌బ్యాక్ ఆడినవాడు, 2014లో మేటి లైన్‌మన్‌కి ఇచ్చే అవుట్‌లాండ్ ట్రోఫీ అందుకున్నాడు. ఇక టైట్ ఎండ్లంటే అయోవాది ప్రత్యేకమైన లెక్క. చారిటన్ అనే చిన్న ఊరి కుర్రాడు టి.జె. హాకెన్సన్, ఒమాహా కుర్రాడు నోవా ఫాంట్ ఇద్దరూ 2019 డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లోనే వెళ్లారు. ఒకే కాలేజీ నుంచి ఇద్దరు టైట్ ఎండ్లు అలా వెళ్లడం మాటలు కాదు. జార్జ్ కిటిల్ కాలేజీలో ఉన్నన్నాళ్లూ పట్టింది 48 క్యాచ్‌లే, మిగతా కాలమంతా బ్లాకింగ్ నేర్చుకున్నాడు. అదే అతన్ని ప్రొఫెషనల్‌గా నిలబెట్టింది.

మిడ్‌వెస్ట్‌లో ఒక కాలేజీ జూన్ క్యాంపుకి మా స్నేహితుడి కొడుకుని నేనే కారులో తీసుకెళ్లాను. లైన్ కోచ్ గడ్డి మీద తెల్ల రంగుతో గీత గీసి, నలభై నిమిషాలు ఒక్క అడుగు మాత్రమే వేయించాడు. అవుట్‌సైడ్ జోన్ అనే రన్ ప్లేలో లైన్‌మన్ అయిదుగురూ ఒకే వైపుకి ఒకేసారి కదలాలి. ఆ మొదటి అడుగు ఆరు అంగుళాలే. అది ముందుకి పడితే డిఫెండర్ పక్కనుంచి జారిపోతాడు, పక్కకి పడితే అతని భుజం దొరుకుతుంది. బంతి పట్టుకున్నవాడు వెనక ఆగి చూస్తూ, ఎక్కడ గోడ పగిలితే అక్కడ దూరతాడు. ఆ పిల్లవాడు మొదటి పదిహేను సార్లూ తప్పు వేశాడు. కోచ్ అరవలేదు. మోకాలి వెనక వేలితో తట్టి "ఇక్కడి నుంచి" అన్నాడు, అంతే. తిరిగి వచ్చేటప్పుడు హోటల్ కారిడార్‌లో కూడా వాడు అదే అడుగు వేస్తూ నడిచాడు.

దీనికి మీరు పెట్టాల్సింది కాలం. మొదటి ఏడాది రెడ్‌షర్ట్ అయి (ఆటలో దిగకుండా ఆ ఏడాది అర్హత మిగుల్చుకుని), జిమ్‌లో బరువు పెంచుకుంటూ, రెండో ఏడాది కూడా ఎక్కువ ఆడకుండా ఉండగలిగే మనసు కావాలి. ఫోన్‌లో తోటివాళ్ల హైలైట్స్ చూసి టెన్షన్ పడే పిల్లవాడికి ఇది నరకం. అలాగే రిసీవర్ అయితే అటు పోనే పోవద్దు. 2023లో అయోవా పది ఆటలు గెలిచింది, కానీ ఆటకి సగటున 15 పాయింట్లకి కాస్త పైనే వేసింది. ఆ జట్టులో రిసీవర్‌గా ఉన్నవాడి వారం ఎలా గడిచి ఉంటుందో ఊహించుకోండి.

విస్కాన్సిన్ కథ ఇంకా గట్టి పాఠం. బారీ అల్వారెజ్ నెబ్రాస్కాలో ఆడినవాడు, 1990లో విస్కాన్సిన్‌కి హెడ్ కోచ్‌గా వచ్చాడు. బ్రూక్‌ఫీల్డ్‌కి చెందిన జో థామస్ లాంటి సొంత రాష్ట్రపు లైన్‌మన్‌లని పెంచి, వాళ్ల వెనక రాన్ డేన్ లాంటి రన్నింగ్ బ్యాక్‌ని (బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి) బయటి నుంచి తెచ్చి పెట్టే పద్ధతి ఆయనది. పాతికేళ్ల పైన అదే నడిచింది. 2023లో కొత్త కోచ్ లూక్ ఫికెల్, ఆఫెన్స్ కోచ్‌గా ఫిల్ లాంగోని పిలిపించి ఎయిర్ రెయిడ్ మొదలుపెట్టించాడు. 2024 నవంబర్‌లో సీజన్ మధ్యలోనే లాంగోని తీసేశారు. రెండేళ్లూ క్వార్టర్‌బ్యాక్‌లకి గాయాలయ్యాయి, ఆ దెబ్బ నిజమే. కానీ చుట్టుపక్కల ఊళ్లు లైన్‌మన్‌లని ఇస్తుంటే రిసీవర్లని వెయ్యి మైళ్ల నుంచి తెచ్చుకోవాల్సిన ఆట అది. అక్కడ చేరడానికి మాట ఇచ్చిన లైన్‌మన్ పిల్లల సంగతి ఆలోచిస్తే నాకు బాధేస్తుంది. ఒక తరహా ఆటకి ఒళ్లు తయారు చేసుకుని వచ్చి, ఇంకో తరహా నేర్చుకోవాల్సి వచ్చింది.

లూయిజియానా

ఇది క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే ఎల్‌ఎస్‌యూ (లూయిజియానా స్టేట్ యూనివర్సిటీ) స్థాయి తలుపు మన పిల్లల్లో చాలామందికి తెరుచుకోదు. కానీ తయారీ అంటే ఏంటో తెలియాలంటే చూడాల్సింది అక్కడే. 2012 జనవరిలో జాతీయ ఫైనల్‌లో ఎల్‌ఎస్‌యూ అలబామా చేతిలో 21-0తో ఓడింది. ఆటంతా ఒక్కసారే మైదానం సగం దాటింది. ఆ జట్టులో ఓడెల్ బెకమ్, జార్విస్ లాండ్రీ మొదటి ఏడాది కుర్రాళ్లుగా ఉన్నారు. రిసీవర్లు లేక కాదు, వాళ్లని వాడే ఆఫెన్స్ లేక. 2019లో అదే రాష్ట్రపు కుర్రాళ్లు జస్టిన్ జెఫర్సన్, జమార్ ఛేస్. ఈసారి ఓహాయో నుంచి వచ్చిన జో బరో క్వార్టర్‌బ్యాక్, ఆట మొత్తం మైదానం వెడల్పంతా పరిచి ఆడేది. 60 టచ్‌డౌన్ పాస్‌లు, 15-0. జెఫర్సన్‌కి మొదటి ఏడాది ఒక్క క్యాచ్ లేదు, రెండో ఏడాది 54, మూడో ఏడాది 111. మొదటి ఏడాది చూసి కొడుకుని వెనక్కి పిలిచేద్దామనుకునే తండ్రులకి నేను ఈ మూడు అంకెలు చెప్తాను.

ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్

ఈ మూడు సైనిక కాలేజీలకి ప్రాంతం అంటూ లేదు, దేశమంతా వెతుకుతాయి. చదువు బాగుండి, క్రమశిక్షణ ఉండి, పెద్ద కాలేజీలకి పొట్టిగానో తేలికగానో అనిపించిన పిల్లవాడే వాటి ప్రాంతం. సైనిక విద్యార్థికి శరీర దారుఢ్యం నియమాలు ఉంటాయి కాబట్టి భారీ లైన్‌మన్‌లని పెట్టుకోలేరు. మామూలుగా రెడ్‌షర్ట్ కూడా ఉండదు. అందుకే బరువుతో పని లేని ట్రిపుల్ ఆప్షన్ ఎంచుకున్నారు. క్వార్టర్‌బ్యాక్ బంతిని ఫుల్‌బ్యాక్ (వెనక నుంచి నేరుగా దూసుకెళ్లేవాడు) పొట్ట దగ్గర పెడతాడు, కళ్లు మాత్రం కావాలనే బ్లాక్ చేయకుండా వదిలేసిన డిఫెండర్ మీద ఉంటాయి. అతను లోపలికి వస్తే బంతి లాక్కుని బయటికి పరుగు, రాకపోతే అక్కడే వదిలేయడం. బయట ఇంకో డిఫెండర్ మీదపడితే పక్కనున్నవాడికి విసరడం. నేవీలో కీనన్ రేనాల్డ్స్ ఇలా ఆడుతూ 2015కల్లా 88 రన్నింగ్ టచ్‌డౌన్లు చేశాడు. 2024లో ఆర్మీ 12 ఆటలు గెలిచి కాన్ఫరెన్స్ టైటిల్ పట్టుకుంది.

అయితే మన కుటుంబాలు ముందుగా చూసుకోవాల్సింది పౌరసత్వం. అమెరికా పౌరుడు కాని పిల్లవాడు, అంటే హెచ్-4 మీద ఉన్నవాడు గానీ గ్రీన్‌కార్డ్ ఉన్నవాడు గానీ, పౌరసత్వం రాకుండా చేరలేడు. ఇక్కడ పుట్టిన పిల్లలకి దారి ఉంది. కాంగ్రెస్ సభ్యుడి నామినేషన్ కావాలి, చదువయ్యాక కనీసం అయిదేళ్లు సైన్యంలో పనిచేయాలి. ఫీజు లేదు కదా అని పంపే చోటు కాదు. పిల్లవాడికే ఆ జీవితం ఇష్టమై ఉండాలి.

డబ్బు, పోర్టల్, వీసా

ఆటగాళ్లు కాలేజీ మారడానికి పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక పెద్ద కాలేజీలు హైస్కూల్ పిల్లవాణ్ణి నాలుగేళ్లు పెంచే ఓపిక తగ్గించుకున్నాయి. వేరే చోట తయారైనవాణ్ణి తెచ్చుకుంటున్నాయి. ఆటగాళ్లకి డబ్బు చెల్లించే విషయంలో వచ్చిన 2025 కోర్టు సెటిల్‌మెంట్ ఒప్పుకున్న కాలేజీల్లో జట్టు 105 మందికి మించకూడదు. ఒకప్పుడు కోచ్ టామ్ ఆస్బోర్న్ కాలంలో నెబ్రాస్కా సొంత రాష్ట్రపు పల్లెటూరి కుర్రాళ్లని స్కాలర్‌షిప్ లేకుండా డజన్ల కొద్దీ వాక్-ఆన్‌లుగా తీసుకుని, వాళ్లలోంచి లైన్‌మన్‌లని తయారు చేసేది. 1994, 1995, 1997 టైటిళ్లలో వాళ్ల చెమట ఉంది. ఆ తలుపు ఇప్పుడు సగం మూసుకుపోయింది. కాబట్టి వాక్-ఆన్‌గా పెద్ద కాలేజీకి వెళ్లి నిరూపించుకుంటా అనే పిల్లవాడికి నేను ఇప్పుడు వద్దనే చెప్తున్నాను.

పిల్లవాణ్ణి నిజంగా తయారు చేసే చోట్లు చిన్న డివిజన్లలో ఎక్కువున్నాయి. డివిజన్-3లో, ఐవీ లీగ్‌లో ఆట కోసం ఇచ్చే స్కాలర్‌షిప్ ఉండదు, కుటుంబ ఆదాయాన్ని బట్టి సాయం ఉంటుంది. డివిజన్-3 కాలేజీలు చాలావాటిలో మార్కులని బట్టి కూడా ఇస్తారు. మన పిల్లల మార్కులు ఇక్కడ అక్కరకొస్తాయి. మావాడికి వచ్చిన సాయం అంతా చదువు మీద వచ్చిందే. హెచ్-4 మీద ఉన్న పిల్లవాడికి పనిచేసే అనుమతి ఉండదు, అందుకని ఎన్‌ఐఎల్ (ఆటగాడి పేరు, బొమ్మ వాడుకున్నందుకు ఇచ్చే) డబ్బు ముట్టుకునే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగాలి. ఇరవై ఒకటి నిండితే హెచ్-4 స్టేటస్ పోతుందన్నది కూడా ఈ ప్లాన్‌లోనే లెక్కేసుకోవాలి.

ఎలా తేల్చుకోవాలి

కాలేజీ వెబ్‌సైట్‌లో జట్టు జాబితా తెరవండి. సొంత ఊరు అన్న వరస కిందికంటా చదవండి. మీవాడి పొజిషన్ వాళ్లు ఏ ఊళ్ల నుంచి వచ్చారో, ఇంతకుముందు వేరే కాలేజీలో ఉన్నవాళ్లు ఎంతమందో లెక్కపెట్టండి. నాలుగో ఏడాది లైన్‌మన్‌ల పేర్లు రాసుకుని, మూడేళ్ల కిందటి జాబితాలో వాళ్ల బరువు చూడండి. 230 పౌండ్లతో వచ్చినవాడు 295 అయ్యాడంటే అక్కడ ఎవరో శ్రద్ధగా పని చేస్తున్నారని అర్థం. సగం పేర్లు ఆ పాత జాబితాలో లేనే లేవంటే అక్కడ పెంచడం లేదు, కొంటున్నారు.

సన్నగా, చురుగ్గా, త్వరగా ఆడాలనే పిల్లవాడైతే పాస్ ఆఫెన్స్ ఆడే చిన్న కాలేజీ, వీలైతే టెక్సస్ బయట. ఒళ్లు పెద్దదై ఓపిక ఉన్నవాడైతే మిడ్‌వెస్ట్, అందులోనూ ఆ రాష్ట్రపు పిల్లలతోనే నిండిన జట్టు. క్వార్టర్‌బ్యాక్ అయితే మాత్రం పొజిషన్ కోచ్‌ని చూసి వెళ్లండి, ప్రాంతం తర్వాత.

కోచ్ అన్నాను కాబట్టి మావాడి సంగతి చెప్పాలి. వాడు పదకొండో తరగతిలో ఉండగా ఒక కాలేజీ అసిస్టెంట్ కోచ్ ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు. ఫిబ్రవరిలో ఆయన వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. మేం కాలేజీకి వెళ్తే కొత్తాయనకి మావాడి పేరు కూడా తెలియదు. పార్కింగ్‌లో కారెక్కాక వాడు చాలాసేపు ఏం మాట్లాడలేదు.

ఆ జూన్ క్యాంపుకి వెళ్లిన స్నేహితుడి కొడుక్కి ఇప్పుడు రెండు కాలేజీల నుంచి పిలుపు ఉంది. మొన్న వాళ్లింట్లో కూర్చుని రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూస్తుంటే వాళ్లమ్మ వంటింట్లోంచి వచ్చి ఒకే మాట అడిగింది. "ఆ మోకాలి వెనక తట్టి చెప్పాడన్న కోచ్ గారు అక్కడ ఎన్నేళ్ల నుంచి ఉన్నారు, అన్నయ్యా?" పద్నాలుగేళ్లని చెప్పాను. రెండో కాలేజీ లైన్ కోచ్ వచ్చి ఎనిమిది నెలలే అయింది. ఆవిడ ఆ రెండో కాగితం మడిచి సొరుగులో పెట్టేసింది.